బస్తా తూకం – తట్ట కొలత
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిపంతుల్ని, మేస్త్రీని కాను. అయినా యీ సంగతి ఎత్తుకున్నానంటే, ఇది చివరికి ఐదో తరగతి లెక్క గనుక. బందరులో గానీ, గుడివాడలో గానీ, దివిసీమలో గానీ మనలో చాలా కుటుంబాలు జీవితంలో ఒక్కసారే శ్లాబు వేస్తాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసినవారికి ఆ శ్లాబు విలువ నేను చెప్పనక్కరలేదు.

సిమెంటు బస్తా అంటే 50 కిలోలు. పూర్వం 112 పౌన్లు ఉండేది. మెట్రిక్ తూకాలు వచ్చాక 50 కిలోలయింది. ఇరవై బస్తాలు ఒక టన్ను. ఆ 50 కిలోల సిమెంటు సుమారు 35 లీటర్ల చోటు పడుతుంది. యీ 35 అనే అంకె గుర్తుంటే మిగతా లెక్క దానంతటదే వస్తుంది.

మనవాళ్ళు ఇసుక, కంకర తట్టలతో పోయిస్తారు. ఒక తట్ట నిండుగా, ఒక తట్ట వెలితిగా; మధ్యాహ్నం అయ్యేసరికి కూలీ అలిసిపోయి మరీ వెలితిగా. కొలతల్లో తగ్గించేవారి గురించి ఖురానులో ఒక సూరాయే ఉన్నదని మీకు తెలుసు. ఇక్కడ ఎవరూ మోసం చేయటం లేదు, అయినా కొలత తప్పుతున్నది. దానికి మందు ఒక చెక్కపెట్టె. లోపల 40 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 లోతు. హెచ్చవేసి చూడండి, సరిగ్గా 35 లీటర్లు. శ్లాబుకు ఒక బస్తాకి ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెల కంకర. సముద్రపు గాలి నేరుగా తగిలేచోట ఇంతకంటే గట్టి మిశ్రమం కావాలి. అది ఇంజనీరును అడిగి తెలుసుకోవాలి. సిమెంటును మాత్రం పెట్టెతో కొలవకండి. విప్పి పోస్తే గుల్లబారి కొలత మారుతుంది. బస్తాకు బస్తా పడాల్సిందే.

ఇసుకతో ఇంకో చిక్కు ఉన్నది. చెమ్మ ఇసుక ఉబ్బుతుంది. నిటారు గోడలున్న గాజు సీసాలో 15 సెంటీమీటర్ల ఎత్తున ఇసుక వదులుగా పోసి, నీళ్ళు నింపి కలియబెట్టండి. అది 12కు దిగిందనుకోండి, నాలుగో వంతు ఉబ్బు అన్నమాట. అప్పుడు ఒకటిన్నరకు బదులు రెండు పెట్టెలకు కాస్త తక్కువగా పోయాలి. లేకపోతే ఇసుక చాలక కంకర మధ్య బొరియలు మిగులుతాయి. వాటిలోంచి ఉప్పుగాలి చువ్వ దాకా పోతుంది. చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, శ్లాబు పెచ్చులూడుతుంది. మన సముద్రతీరంలో ఇది కథ కాదండీ, తలెత్తి చూస్తే కనబడేదే.

నీళ్ళు బస్తాకు 30 లీటర్లు మించకూడదు, అంటే 15 లీటర్ల బకెట్లు రెండు. ఇసుకలో చెమ్మ ఉంటే ఇంకా తగ్గించాలి. మాలు సులువుగా జారుతుందని గొట్టం వదిలేస్తే బలం పోతుంది. ఉప్పునీటి బావి జోలికి అసలే వెళ్ళవద్దు. నోట్లో పోసుకోలేని నీళ్ళు కాంక్రీటుకూ పనికిరావు.

పెట్టె వడ్రంగికి ఒక పూట పని. మా బళ్ళో కొలతల పాఠానికని ఒకటి చేయించాము. శ్లాబు వేసుకునేవారు ఎవరైనా తీసుకువెళ్ళండి. కడిగి, ఆరబెట్టి తిరిగి ఇస్తే చాలు.