బీరువాలో ఉండిపోయిన సర్టిఫికెట్లు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  నాకు పది నిమిషాలిచ్చారు. లెక్కల సారు ముందు వరసలోనే ఉన్నారు కాబట్టి దాటను.

మన మధురానగర్ బడికి కృష్ణానగర్, యూసుఫ్‌గూడ సందుల నుంచి చాలామంది వచ్చేవాళ్లం. ఎంతోమంది నాన్నలు సినిమా షూటింగుల్లో లైట్‌మన్‌లు, సెట్ వడ్రంగులు, జూనియర్ ఆర్టిస్టులు. షూటింగు ఉంటే కూలి, లేకపోతే లేదు. నా పక్క బెంచీవాడు లెక్కల్లో నాకంటే చురుకు. ఇంటర్ తర్వాత ఇద్దరం ఎంసెట్ రాశాం. నాకు యూనివర్సిటీ కాలేజీలో సీటొచ్చింది, ఫీజు మా నాన్నగారి గుమస్తా జీతంలోనే సర్దుకుపోయింది. వాడికి రాలేదు. ప్రైవేటు కాలేజీ ఊసెత్తే స్థితి ఆ ఇంట్లో లేదు. నాన్న వెంట లైట్లు మోయడానికి వెళ్లాడు. ఇవాళ ఈ వేదిక మీద లైట్లు వాడు పెట్టించినవే.

దళిత విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచీ ఉంది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటును బీసీలకు, ఇతర పేదలకు కూడా ఇచ్చినప్పుడు నేను సంబరపడ్డాను. మావాడి కూతురు దాని మీదే ఇంజనీరయింది. అది కాలేజీల కోసం పెట్టిన పథకమని వెక్కిరించేవాళ్లతో చాలాసార్లు గొడవపడ్డాను. కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచిన మాట నిజమే, కానీ మావాడి కూతురు కూడా నిజమే కదా!

రెండేళ్ల కిందట మా ఆఫీసుకు సివిల్ చదివిన ఒక అమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. మన బడి పిల్లే. డ్రాయింగు చదవడంలో దిట్ట. ఒరిజినల్స్ అడిగితే తల దించుకుంది. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదు, అది మీరు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లండి అన్నారట కాలేజీవాళ్లు. ఒరిజినల్స్ ఆపకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాట ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడిన ఇరవై రెండేళ్ల పిల్ల నోటికి ఎలా వస్తుంది?

కాలేజీని తిట్టి ఊరుకోలేం. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుంటే లెక్చరర్ల జీతాలూ ఆగుతాయి. ఆంధ్రలో కొన్నేళ్లు తల్లుల ఖాతాల్లో డబ్బు వేశారు. ఖాతా ఎవరిదైనా, డబ్బు ఆలస్యమైతే ఆ బరువు చివరికి ఇంటి మీదే పడుతుంది.

ఇంకొకటి. బీసీ పిల్లలకు పది వేల లోపు ర్యాంకొస్తే మొత్తం ఫీజు, దాటితే 35,000. పేరున్న కాలేజీల్లో ఫీజు లక్ష దాటి చాలాకాలమైంది. పట్నంలో ఆదాయ పరిమితి ఏడాదికి రెండు లక్షలు. రోజుకు 700 చొప్పున నెలకు 24 రోజులు పని దొరికిందనుకోండి, ఏడాదికి 2,01,600. అంటే నాలుగు రోజులు ఎక్కువ షూటింగు దొరికితే ఆ లైట్‌మన్ పేదవాడు కాకుండా పోతాడు! ఈ పరిమితి గురించి మనం ప్రభుత్వానికి రాయాలి, రాద్దాం. కానీ ఆ జవాబు వచ్చేదాకా ఆ పిల్లలు ఆగలేరు.

మనం స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కట్టాలనుకున్నాం. ద్వారం డిజైను నాదే, కాబట్టి కాదనే హక్కు కూడా నాకుంది. ఆ డబ్బుతో మన బడి పిల్లల బకాయి కట్టి సర్టిఫికెట్లు విడిపిద్దాం. వడ్డీ వద్దు. ఉద్యోగం వచ్చాక వాయిదాల్లో తిరిగిస్తారు, అదే ఇంకొకరికి వెళ్తుంది. పదో తరగతి పరీక్షలయ్యాక నాలుగు శనివారాలు ఇక్కడే కూర్చుని ఆదాయ సర్టిఫికెట్టు, ఆధార్, బ్యాంకు ఖాతా సరిచూపిద్దాం. పేరులో ఒక్క అక్షరం తేడాతో దరఖాస్తు ఆగిన ఇళ్లు నేను చూశాను.

ముఖద్వారానికి నేనిచ్చిన యాభై వేలు దీనికి మార్చమని ఈ ఉదయమే కార్యదర్శిగారికి రాసిచ్చాను. పుస్తకం ఆయన దగ్గరే ఉంది, భోజనాలకు వెళ్లేముందు చూడండి.