కారు చక్రము – మడ్డుగార్డు రాపిడి



కారును నేలకు దించి, కంపెనీవా రిచ్చిన చక్రములను తీసివైచి, వెడల్పైన క్రొత్త చక్రములు బిగించుకొనుట పలుదేశముల యువకులకు వేడుక. అట్టి కారు చూచుటకు సొంపుగానే యుండును. గతుకున పడినప్పుడు మాత్రము వెనుకనుండి బఱ్ఱుమని యొక చప్పుడు వినవచ్చును. అది మడ్డుగార్డు అంచు టైరును గీయు చప్పుడు. దానికి అలవాటుపడి విననట్లు ఊరకుండువారిని నేనెఱుగుదును. అది తగదు. టైరు ప్రక్కగోడ పలుచనిది. లోని దారములు బయటపడిన పిమ్మట దానికి అతుకు లేదు. వేగముగా పోవునప్పుడు పగిలెనా, కారు చేతిలో నుండదు.

చాలమంది చప్పుడు వినగానే సుత్తి చేతబట్టి మడ్డుగార్డు మీదికి పోవుదురు. ఎక్కడ తగులుచున్నదో, ఎప్పుడు తగులుచున్నదో తెలియకముందు దేనిని వంచవలదు, దేనిని కోయవలదు అని నా మనవి.

ఒక కారును ఉదాహరణముగా గైకొందము. జపానుదేశపు మాజ్డా సంస్థ 1989లో విడుదల చేసిన మియాటా యను చిన్నకారు, ఇద్దఱు మాత్రమే కూర్చుండదగినది, ఈ వేడుకకు మిక్కిలి పేరెన్నిక గన్నది. దాని తొలి చక్రములు 14 అంగుళముల వ్యాసము, 5.5 అంగుళముల వెడల్పు గలవి; ఆఫ్‌సెట్ 45 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్ అనగా చక్రము హబ్బుపై ఆను తలమునకును, చక్రపు వెడల్పు నడిమిగీతకును గల ఎడము. ఈ అంకె తగ్గినకొలది చక్రము బయటికి వచ్చును. ఇప్పుడు 15 అంగుళముల వ్యాసము, 7 అంగుళముల వెడల్పు, 25 ఆఫ్‌సెట్ గల చక్రమును బిగించితి మనుకొందము. వెడల్పు ఒకటిన్నర అంగుళము పెరిగినది గనుక ఒక్కొక్క ప్రక్కకు 19 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్ తగ్గుటచే బయటికి మఱి 20. రిమ్ము బయటి అంచు మొత్తము 39 మిల్లీమీటర్లు వెలికి వచ్చినది; లోపలి అంచు ఇంచుమించు ఉన్నచోటనే యున్నది. కావున ఈ కారునకు తగులు మడ్డుగార్డు అంచుననే గాని, లోపల స్ప్రింగు వైపున గాదు. కారును ముట్టకయే, కాగితముపై కూడికతో ఇంత తెలిసినది! ఎత్తున దోషము లేదు: పాత 185/60 టైరు వ్యాసము 578 మిల్లీమీటర్లు, క్రొత్త 195/50 టైరుది 576.

లెక్క పిమ్మట పరీక్ష. టైరు భుజము చుట్టును సుద్దతో గీతలు గీసి, ప్రక్కన నొకరిని కూర్చుండబెట్టుకొని, ఎగుడుదిగుడు దారిలో మెల్లగా నడుపవలెను. సుద్ద చెఱిగినచోటే జబ్బున్నచోటు. గతుకున మాత్రమే తగిలినచో స్ప్రింగు క్రుంగుట కారణము. స్టీరింగు పూర్తిగా త్రిప్పినప్పుడు మాత్రమే తగిలినచో ముందుచక్రపు గూటిలోని ప్లాస్టిక్కు తొడుగును చూడవలెను. స్ప్రింగు మితిమీఱి క్రుంగకుండ ఆపు రబ్బరుదిమ్మ యొకటి కలదు. కారును దించునప్పుడు దానిని కోసి పాఱవైచినవారికి రాపిడి తప్పదు.

ఇక మందులు. అన్నిటికంటె చౌకయైనది, చాలమందికి రుచింపనిది, కారును 10 మిల్లీమీటర్లు మరల పైకెత్తుట. ఎత్తు సవరించు మరలుగల స్ప్రింగులైనచో అది కష్టమైన పని గాదు. రెండవది చక్రపు వాలు. మియాటాలో నాలుగు చక్రములకును వాలు సవరించు బోల్టులు కలవు. ఒక్క డిగ్రీ వాల్చినచో టైరు పైభాగము సుమారు 5 మిల్లీమీటర్లు లోనికి పోవును. మితిమీఱినచో టైరు లోపలి అంచు త్వరగా అఱుగును; చక్రములను కప్పకాళ్లవలె చాచి నిలుపువారి సొగసు నాకు సొగసని తోచదు.

ఇంకను తగిలినచో అప్పుడు మడ్డుగార్డు. దాని లోపల మడిచిన రేకంచును పైకి ఒత్తుటకు హబ్బునకు బిగించు రోలరు దొరకును. రంగును వేడిగాలితో వెచ్చజేసి, కొంచెము కొంచెముగా పలుమాఱులు ఒత్తవలెను. చల్లనిరంగు పగులును, పగిలినచోట తుప్పు పట్టును. వెనుక మడ్డుగార్డు అంచును ఱంపముతో కోయుట మాత్రము కూడదు. అచట రెండు రేకులు అతుకబడియున్నవి. అతుకు విడినచో వాననీరు లోనికి దిగును.

హబ్బునకు, చక్రమునకు నడుమ బిళ్ళ వేయుమని సలహా ఇచ్చువారు కలరు. బిళ్ళ చక్రమును బయటికే త్రోయును. లోపల తగులు కారునకు అది మందు. మన కారునకు విషము.

పని ముగియగానే వీల్ అలైన్‌మెంటు చూపించి, మరల సుద్ద గీసి, ఆ దారినే నడుపవలెను. ఇదివఱకే గీచుకొనిపోయిన టైరున దారము కానవచ్చినచో, దానిని మార్చిన పిమ్మటనే రోడ్డెక్కవలెను.