సంతానాపేక్ష – దినముల లెక్క
(భిలాయి తెలుగు ఉద్యోగుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు, నేను ఏ ప్రబంధమును గూర్చియో, ఏ శతకమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుదునని వారు తలచియుందురు. నేను ఆర్ట్సు పట్టభద్రుడను, సచివాలయమున దస్త్రములు చూచువాడను, వైద్యుడను కాను. అయినను నేడు నే నెత్తుకొన్న విషయము వైద్యులకంటె ముందుగా గృహస్థులకు సంబంధించినది. బిడ్డ కావలెనని కోరు దంపతులు గర్భధారణకు అనువైన దినములను ఇంటియందే ఎట్లు గుర్తింపవచ్చును, ఆ గుర్తింపు ఎంతవరకు పనికివచ్చును, ఎచ్చట దాని పని ముగియును అనునదియే ఆ విషయము. పెద్దలును పిన్నలును కూడిన సభలో ఈ ప్రస్తావన యేల యని కొందరికి తోచవచ్చును. ఈ సంగతిని గూర్చి మన యిండ్లలో మాటలాడకుండుటవలన కలిగిన దుఃఖము, మాటలాడుటవలన కలుగు సిగ్గుకంటె చాల పెద్దది. అందువలననే సాహసించుచున్నాను.

భిలాయి ఉక్కు కర్మాగారమునకై సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక జరిగినది 1955లో. మొదటి బ్లాస్టు ఫర్నేసును రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించినది 1959 ఫిబ్రవరి 4వ తేదీన. నాటినుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువా రెందరో ఇచ్చటికి వచ్చి స్థిరపడిరి. వచ్చునపుడు పంచాంగమును తెచ్చుకొంటిమి, ఆవకాయ జాడీలను తెచ్చుకొంటిమి; చెవిలో నాలుగు మంచి మాటలు చెప్పు పెద్దముత్తైదువను మాత్రము తెచ్చుకొనలేకపోయితిమి. క్వార్టరులో క్రొత్తగా కాపురము పెట్టిన పిల్లకు అడుగుటకు మనిషి లేదు. పండుగకు ఊరికి పోయినపుడు మాత్రము "విశేష మేమైన ఉన్నదా అమ్మా?" అని అందరును అడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక తల వంచుకొను పిల్లలు మనలో ప్రతివారికిని తెలిసిన యిండ్లలో ఉన్నారు.

దినముల లెక్క మనకు క్రొత్త కాదు. ఋతుకాలము పదునారు రాత్రులని మనుస్మృతి చెప్పినది. అందు మొదటి నాలుగింటిని వర్జింపుమన్నది. నెలలో అన్ని దినములును సమానములు కావని మన పూర్వులు గ్రహించిరనుటకు ఇది సాక్ష్యము. నేటి శాస్త్రముతో సరిచూచినచో, ఇరువదియెనిమిది దినముల ఋతుచక్రము గల స్త్రీకి ఆ లెక్క చాలవరకు సరిపోవును. కాని ముప్పదియైదు దినములకు బహిష్టగు స్త్రీకి అండము విడుదలగునది సుమారు ఇరువదియొకటవ దినమున. పదునారు రాత్రుల లెక్కను నమ్ముకొన్నచో ఆమెకు అసలు దినములే దాటిపోవును. సరిసంఖ్య రాత్రులు మగబిడ్డకు, బేసిసంఖ్య రాత్రులు ఆడుబిడ్డకు అను మాటకు మాత్రము ఆధారము లేదు. శిశువు ఆడో మగో నిర్ణయించునది అండముతో కలిసిన శుక్రకణమేగాని తిథి కాదు. లింగనిర్ధారణను 1994 నాటి చట్టము నిషేధించినదను సంగతియు ఇచ్చట జ్ఞాపకము చేయుచున్నాను.

ఇక నేటి శాస్త్రము చెప్పునది వినుడు. బహిష్టయిన మొదటి దినము ఒకటవ దినము. అండము విడుదలయైన పిమ్మట మరల బహిష్టగువరకు పట్టు కాలము చాలమందిలో పండ్రెండునుండి పదునారు దినములు. విడుదలకు ముందుండు కాలమే ఒక్కొక్కరి శరీరమునుబట్టి పొడుగో పొట్టియో అగును. కావున లెక్క ముందునుండి కాక వెనుకనుండి వేయవలెను. విడుదలయైన అండము పండ్రెండునుండి ఇరువదినాలుగు గంటలు మాత్రమే సజీవముగా నుండును. పురుషుని శుక్రకణము స్త్రీ శరీరమున అయిదు దినములవరకు నిలువగలదు. అందుచేత విడుదల దినమును, దానికి ముందటి అయిదు దినములును కలిపి ఆరు దినములు ఫలవంతములు. వీనియందును చివరి రెండు మూడు దినములు శ్రేష్ఠములు.

ఈ లెక్కను తొలుత స్పష్టముగా వ్రాసినవారిలో జపాను వైద్యుడు క్యుసాకు ఒగినో ఒకడు, అది 1924లో. పిమ్మట కొలది సంవత్సరములకు ఆస్ట్రియా వైద్యుడు హెర్మన్ క్నౌస్ వేరుగా పరిశోధించి అట్టి నిర్ణయమునకే వచ్చెను. వీరి పద్ధతి సులభము. కొన్ని నెలలపాటు చక్రముల నిడివి వ్రాసి ఉంచుకొని, అన్నిటికంటె చిన్న చక్రమునుండి పదునెనిమిదిని, పెద్ద చక్రమునుండి పదునొకండును తీసివేయవలెను. చిన్నది ఇరువదియేడు, పెద్దది ముప్పదిమూడు అయినచో, తొమ్మిదవ దినము మొదలు ఇరువదిరెండవ దినమువరకు అనుకూల కాలమని లెక్క. ఇది విశాలమైన హద్దు మాత్రమే. అసలు దినమును చూపదు. నేటి మొబైలు ఫోనులలోని యాపులు పెక్కు ఇట్టి సగటు లెక్కలనే చెప్పుచున్నవి. బహిష్టు క్రమము తప్పినవారు వానిని వేదవాక్యముగా గైకొనరాదు.

ఈ విద్యకు మన ప్రభుత్వోద్యోగుల కాలనీతో ఒక సంబంధము కలదు. 1951లో ఆరోగ్యశాఖ మంత్రిణి రాజకుమారి అమృత్‌కౌర్‌గారి కాలమున, ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షమున అమెరికా వైద్యుడు డాక్టర్ ఏబ్రహాం స్టోన్ మన దేశమునకు వచ్చెను. పిమ్మట ఈ దినముల లెక్కను బోధించు ప్రయోగ కేంద్రములు ఢిల్లీలోని లోడీ కాలనీయందును, మైసూరు రాష్ట్రములోని రామనగరమునందును వెలసినవి. లోడీ కాలనీ మనవంటి కేంద్ర ప్రభుత్వోద్యోగులు కాపురముండు చోటు. నాటి ఉద్దేశము వేరు. గర్భము రాకుండ చూచుకొనుట. జ్ఞానము మాత్రము ఒక్కటే. స్త్రీలకు రంగురంగుల పూసల దండ నిచ్చి దినమున కొక పూస జరుపుమనిరి. పూస జరుపుట మరచినవారును, దండ ఉన్నంతనే చాలునని నమ్మినవారును కలరని చెప్పుదురు. ఆ ప్రయత్నము ఆశించినంత ఫలింపలేదు. అందు పూసల తప్పేమియు లేదు. కారణము తెలియక, భర్త తోడ్పాటు లేక, ఒక్క స్త్రీ చేతిలో పెట్టిన లెక్క నిలువదని మనము నేర్వవలసిన పాఠము.

ఇంట చూడదగిన గుర్తులు మూడు.

మొదటిది స్రావము. అండము విడుదలకు ముందు దినములలో స్త్రీకి కలుగు స్రావము పలుచనై, జారుడుగా, గ్రుడ్డులోని తెల్లసొనవలె సాగును. పిమ్మట చిక్కబడును, లేదా ఎండిపోవును. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ బిల్లింగ్స్ 1950లలో దీనిని శ్రద్ధగా పరిశీలించి ఒక పద్ధతిగా తీర్చెను. దీనికి కానీ ఖర్చు లేదు. ముందుగా తెలియజేయు గుర్తు గనుక మిక్కిలి విలువైనది.

రెండవది మూత్రపరీక్ష పట్టీ. ఇది మెడికల్ షాపులలో దొరకును. విడుదలకు ముందు ఎల్.హెచ్. అను హార్మోను రక్తమున ఒక్కసారిగా పెరిగి మూత్రమునను కనబడును. పరీక్ష గీత, ప్రక్కనున్న ప్రమాణ గీతవలెనో అంతకంటె ముదురుగనో కనబడినచో, సాధారణముగా ఇరువదినాలుగునుండి ముప్పదియారు గంటలలో అండము విడుదలగునని భావింపవచ్చును. అండాశయములలో నీటిబుడగలున్నవని డాక్టరు చెప్పిన స్త్రీలకు ఈ గీత విడుదల లేకయే కనబడి మోసపుచ్చవచ్చును.

మూడవది ప్రాతఃకాలపు ఉష్ణోగ్రత. నిద్రలేచి ప్రక్క దిగకముందే థర్మామీటరు పెట్టి చూడవలెను. అండము విడుదలయైన పిమ్మట శరీరోష్ణము సుమారు 0.2 నుండి 0.5 సెల్సియస్ డిగ్రీలు పెరిగి, బహిష్టగువరకు అట్లే నిలుచును. కొలిమివద్ద 1,400 డిగ్రీలకు మించిన వేడిని లాగ్ బుక్కునందు ఎక్కించు సోదరులకు ఈ పావు డిగ్రీ నవ్వు పుట్టింపవచ్చును. కాని ఇచ్చటి కథ అంతయు ఆ పావు డిగ్రీలోనే ఉన్నది. అందువలన దశాంశమునకు తరువాత రెండంకెలు చూపు థర్మామీటరు కావలెను. ఈ గుర్తు అండము విడుదలయైన పిమ్మటనే తెలియును గనుక, ఆ నెలకు కాక రాబోవు నెలలకు పనికివచ్చును. రెండు మూడు చక్రములు వ్రాసినచో తన శరీరపు వాలు స్త్రీకి తెలిసివచ్చును.

నా వృత్తిధర్మముగా ఒక మాట. తేదీ లేని నోటు నోటు కాదు. జ్వరము, ప్రయాణము, నిద్రలేని రాత్రి, నైట్ షిఫ్టు – ఏది జరిగినను ఆ అంకె ప్రక్కన వ్రాయవలెను. షిఫ్టులలో పనిచేయు స్త్రీలు, పగలైనను రాత్రియైనను, తమ దీర్ఘనిద్ర ముగిసినపుడే ఉష్ణోగ్రత చూచుకొనవలెను. అంతకుముందు కనీసము మూడు నాలుగు గంటల ఎడతెగని నిద్ర ఉండవలెను. అది కుదరనివారు థర్మామీటరును ప్రక్కనబెట్టి తక్కిన రెండు గుర్తులను నమ్ముకొనుట మేలు.

భర్త షిఫ్టువలన "ఆ దినము" తప్పిపోయెనని కన్నీరు పెట్టుకొను దంపతులు కలరు. వారికి నా మనవి: ఫలవంతములు ఆరు దినములు, రెండు దినముల కొకసారి కలిసినను చాలును. ఒక్క రాత్రి తప్పినంత మాత్రమున నెల వ్యర్థము కాదు. ఈ లెక్క దాంపత్యమును డ్యూటీ చార్టుగా మార్చినచో దానిని కొన్నాళ్ళు కట్టిపెట్టుటయే మంచిది. ఆ పుస్తకము దంపతు లిద్దరిదిగనే ఉండవలెను. అత్తగారికిని, ఆడుబిడ్డకును అది చూపవలసిన దస్త్రము కాదు.

ఇప్పుడు అసలు మాటకు వచ్చుచున్నాను. ఈ గుర్తులన్నియు "ఎప్పుడు" అను ప్రశ్నకే జవాబు చెప్పును. "ఏల కలుగలేదు" అను ప్రశ్నకు చెప్పవు. ఉష్ణోగ్రత చార్టు ముచ్చటగా ఉండవచ్చును. లోన అండనాళములు మూసికొనిపోయి ఉండవచ్చును. మన దేశమున గర్భాశయ సంబంధమైన క్షయ ఇందుకొక ముఖ్య కారణము. అది పెక్కుసార్లు బయటికి దగ్గు చూపదు, జ్వరము చూపదు. అట్లే పురుషుని శుక్రకణముల సంఖ్యను, కదలికను ఏ థర్మామీటరును చెప్పజాలదు. సంతానము కలుగని జంటలలో సుమారు సగమింట పురుషునివైపు లోపము, ఒంటరిగానో, స్త్రీ లోపముతో కలిసియో, కనబడుచున్నది. అయినను స్త్రీని నిందించుటకు "గొడ్రా"లను మాట మనకు సిద్ధముగా ఉన్నది. పురుషునకు దానికి దీటగు మాట వాడుకలో లేదు. మాట లేనిచోట విచారణయు లేదు. భార్య అయిదేండ్లు మందులు మ్రింగుచుండును; భర్త ఒక్కసారియు పరీక్షకు పోడు. మన రామాయణమున పుత్రులు లేని కొఱతకు యజ్ఞదీక్ష వహించినవాడు దశరథ మహారాజు. రాణులలో ఎవరిని ఆయన దూఱలేదు.

పురుషుని పరీక్ష అన్నిటికంటె సులభము, చౌక. సూది లేదు, కోత లేదు. రెండునుండి ఏడు దినముల బ్రహ్మచర్యము పాటించి నమూనా ఇచ్చిన చాలును. భిలాయి సోదరులకు మరి యొక మాట. బీజోత్పత్తి అవయవములు శరీరముకంటె కొంత చల్లగా ఉండవలెనని ప్రకృతి నియమము. కొలుముల యెదుట దీర్ఘకాలము తీవ్రమైన వేడిలో పనిచేయుట వానికి హాని చేయవచ్చును. పొగాకు, గుట్కా, మద్యములును అట్టివే. శుక్రకణము తయారగుటకు సుమారు రెండున్నర నెలలు పట్టును గనుక, నేడు మానిన అలవాటు ఫలము మూడు నెలల తరువాతనే కనబడును. డాక్టరుతో మాటలాడునపుడు తాను పనిచేయు చోటును దాచక చెప్పవలెను.

ఎంతకాలము వేచియుండవలెను? క్రమముగా కాపురము చేయు జంటలలో నూటికి ఎనుబదికి పైగా ఒక సంవత్సరములో గర్భము కలుగును. కావున భార్య వయస్సు ముప్పదియైదుకు లోపలనున్నచో ఒక సంవత్సరము, దాటినచో ఆరు నెలలు చూచి, ఇద్దరును కలిసి వైద్యుని చూడవలెను. బహిష్టు క్రమము తప్పినవారును, క్షయ వచ్చినవారును, కటిభాగమున శస్త్రచికిత్స జరిగినవారును అంతవరకు ఆగరాదు. పోవునపుడు ఆ లెక్కల పుస్తకమును వెంట కొనిపోవలెను; డాక్టరునకు అది సగము వాఙ్మూలము. గర్భమును కోరు స్త్రీ ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనుట మేలు. ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున సికిల్ సెల్ వ్యాధి విరివిగా నున్నది గనుక, ఇచ్చటి దంపతులిద్దరును ఆ రక్తపరీక్షయు చేయించుకొనుట మంచిది.

సోదరీ సోదరులారా, మ్రొక్కుబడులను, నాగులచవితి పాలను నేను కాదనను. అవి మనస్సునకు ధైర్యము. ఆ ధైర్యముతోనే పుస్తకము వ్రాయుడు, దానితోనే ఆసుపత్రి గడప త్రొక్కుడు. ప్రయత్నములన్నియు చేసినను కొందరికి సంతానము కలుగకపోవచ్చును. అట్టి దంపతులును మన పంక్తిలో సమానముగా కూర్చుండవలసినవారే. పేరంటమున వారికి తాంబూలము ముందుగనే అందవలెను. ఈసారి పండుగకు ఊరికి పోయినపుడు ఏ పిల్లనైనను "విశేష మేమి?" అని అడుగక, "కులాసాయేనా, తల్లీ?" అని అడుగుదుము. భర్తలైన యువకులు ఈ నెలలోనే ఒక పుస్తకము కొని, మొదటి తేదీని తమ చేతితో వ్రాయవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.