గోధుమ పడని బిడ్డకు మన జొన్న చేరాలంటే

(చిరుధాన్యాల రైతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దటి నుంచి మద్దతు ధర గురించి, విత్తనాల గురించి, అడవి పందుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మేం ఒక రోగం గురించి మాట్లాడతాం. రైతు సంఘానికి రోగాలతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. ఈ రోగానికి మందుల షాపులో మందు దొరకదు. వేయాల్సిన గోలీ లేదు, సూది లేదు. తిండి మార్చుకోవడం ఒక్కటే దారి. ఆ తిండి పండించేది ఈ హాల్లో కూచున్న మనమే. అందుకని ఇది మన ఎజెండాలో ఉండాల్సిన విషయమే.

దీని పేరు సీలియాక్. గోధుమలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగేది, మైదా రొట్టె ఉబ్బేది దానివల్లనే. బార్లీలో, రై అనే చల్లదేశాల ధాన్యంలో కూడా ఇలాంటిదే ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే ఒంట్లో ఒక గుణం ఉంటుంది. వాళ్లలో కొంతమందికి గ్లూటెన్ కడుపులోకి పోగానే, రోగాలను ఆపాల్సిన రక్షణ శక్తి తిరగబడి సొంత పేగునే కొరుకుతుంది. చిన్నపేగు లోపలి గోడ మీద మఖ్మల్ గుడ్డకు ఉన్నట్టు నూగు ఉంటుంది. తిన్న తిండిలోని సారాన్ని పీల్చేది ఆ నూగే. అది అరిగి చదునైపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. చేన్లో వేరుకుళ్లు వచ్చిన మొక్కను చూశారు కదా, ఎరువు ఎంత వేసినా ఆకు పచ్చబడదు. ఇదీ అంతే.

విరేచనాలు, కడుపుబ్బరం, పిల్లలు ఎదగకపోవడం, నోటిలో పుండ్లు, ఎముకల బలహీనత, ఐరన్ గోలీలు ఎన్ని మింగినా తగ్గని రక్తహీనత దీని గుర్తులు. కొందరికి కడుపులో ఏ బాధా ఉండదు, రక్తం మాత్రం ఎక్కదు. ఇది అంటురోగం కాదు. చేతబడి అసలే కాదు, ఆ మాట కూడా మా చెవిన పడింది కాబట్టి చెబుతున్నాం.

ఈ రోగానికి గోధుమతో సంబంధం ఉందని తేల్చింది డిక్ అనే డచ్చి పిల్లల డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధం చివర 1944-45 చలికాలంలో హాలెండులో ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకలేదు, జనం ట్యూలిప్ గడ్డలు తిన్నారు. అందరూ చిక్కిపోతుంటే ఈ రోగం ఉన్న పిల్లలు మాత్రం కుదుటపడ్డారు. యుద్ధం ముగిసి రొట్టె రాగానే మళ్లీ మంచాన పడ్డారు. అంతకు ముందు నుంచే ఆయనకు గోధుమ మీద అనుమానం ఉండేది. 1950లో సిద్ధాంత గ్రంథం రాసి దాన్ని నిలబెట్టాడు.

మన దేశంలో ఇది ఎక్కువగా పంజాబు, హర్యానా, రాజస్థాన్ వైపు రోగం. అక్కడ మామూలు జనం దీన్ని 'కణక్ ఎలర్జీ' అంటారు, కణక్ అంటే గోధుమ. గోధుమ రైతు ఇంట్లోనే పుట్టి, గోధుమ రొట్టె ముట్టలేని పిల్లలు వాళ్లు. రేషన్లో వచ్చేదీ గోధుమే. ఆ తల్లుల కష్టం మనం ఊహించలేం.

అయితే మనకు లేదా? ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు, మరికొందరు కలిసి దేశంలో మూడు చోట్ల చేసిన సర్వే 2016లో అచ్చయింది. ఉత్తరాన వంద మందిలో 1.23 మందికి, ఈశాన్యాన 0.87 మందికి, దక్షిణాన 0.10 మందికి రక్తపరీక్షలో ఈ రోగం గుర్తు తేలింది. అంటే మన వైపు రక్తంలో ఆ గుర్తు ఉన్నవాళ్లు వెయ్యికి ఒకరు. గోధుమ తినడం చూస్తే ఉత్తరాన మనిషికి రోజుకు 455 గ్రాములు, ఈశాన్యాన 37, దక్షిణాన 25. రోగానికి తావిచ్చే పుట్టుక గుణం మాత్రం మూడు చోట్లా ఇంచుమించు ఒకే తీరుగా, మూడింట ఒక వంతు మందిలో ఉంది. ఆ గుణం ఉన్న అందరికీ రోగం రాదు, చాలా కొద్దిమందికే వస్తుంది. ఈశాన్యంలో గోధుమ తక్కువ తిన్నా రోగం ఎక్కువే కనబడింది కాబట్టి, తినే లెక్కతోనే అంతా తేలిపోతుందని మేం అనం. కానీ మన ఊళ్లల్లో పొద్దున లేస్తే ఉప్మా, రస్కు, బిస్కెట్, రాత్రికి షుగరు ఉన్నవాళ్లకు చపాతీ. ఆ సర్వేలో తేలిన 25 గ్రాములు ఇప్పుడు లేవని మన వంటింట్లోకి తొంగి చూస్తేనే తెలుస్తుంది. వెయ్యికి ఒకరే అనుకున్నా, నాలుగు వేల జనాభా ఉన్న ఊళ్లో నలుగురి రక్తంలో ఆ గుర్తు ఉండవచ్చు. ఆ నలుగురికీ ఆ సంగతి తెలియకపోవచ్చు.

మన సంఘం సభ్యుడు ఒకాయన బిడ్డ సంగతి చెబుతాం. ఆరేళ్ల పిల్ల. మూడేళ్ల పిల్లంత ఉండేది. కడుపు ముందుకు, కాళ్లుచేతులు పుల్లల్లా. రెండేళ్లు నాలుగు ఆస్పత్రులు తిరిగారు. నులిపురుగుల గోలీ అన్నారు, రక్తం టానిక్ అన్నారు, టీబీ ఏమో అన్నారు. యాసంగి పంట డబ్బులన్నీ దానికే పోయాయి. చివరికి పట్నంలో ఒక డాక్టరమ్మ టీటీజీ అనే రక్తపరీక్ష రాసింది, తర్వాత గొట్టం వేసి పేగు ముక్క తీసి చూసి రోగం తేల్చింది. గోధుమ మానేయండి, బతికినన్నాళ్లూ మానేయండి అంది.

ఇదేం పెద్ద కష్టమా, మనం అన్నం తినేవాళ్లం కదా అని వాళ్లూ అనుకున్నారు. నిజమే, బియ్యంలో గ్లూటెన్ లేదు. జొన్న, సజ్జ, తైదలు, కొర్ర, మక్కజొన్న వేటిలోనూ లేదు. పప్పుల్లో, పాలలో, గుడ్డులో, మాంసంలో లేదు. సర్వపిండి తినొచ్చు, సకినాలు తినొచ్చు. పంజాబు తల్లితో పోలిస్తే మన తల్లి అదృష్టవంతురాలే. కష్టం గడప దాటితే మొదలవుతుంది. బడిలో తోటి పిల్ల ఇచ్చే బిస్కెట్లో గోధుమ. పెళ్లిలో భక్ష్యాలు, పూరీ, సేమియా పాయసం. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వే. ప్రసాదం వద్దంటే పెద్దవాళ్లకు కోపం. చిన్న పిల్లకు అది పాపమో పుణ్యమో ఏం తెలుస్తుంది, చేయి చాపుతుంది. డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమ పిండో మైదానో కలుపుతారు, పులిహోరలో చిటికెడు వేస్తే చాలు. పాలలో కలుపుకునే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. మిర్చి బజ్జీ శనగపిండిదే, కానీ అదే నూనెలో అంతకుముందు పూరీలు వేశారు. తల్లి వేరే పెనం, వేరే జల్లెడ, వేరే పీట కొనుక్కుంది. అత్తగారు మొదట్లో ఇదంతా కోడలి వేషాలనుకుంది. మనవరాలి బుగ్గలు నిండటం మొదలయ్యాక ఆమే కాపలా కూచుంది.

ఇంత చేసినా ఆర్నెల్ల తర్వాత పరీక్షలో లెక్క పూర్తిగా దిగలేదు. ఎక్కడి నుంచి పోతోందో అర్థం కాలేదు. చపాతీ లేదు, బిస్కెట్ లేదు. రాత్రి జొన్న రొట్టె, అదీ సొంత చేను జొన్న. చివరికి దొరికింది ఎక్కడంటే, పిండి గిర్నిలో. ముందు వచ్చినవాళ్లు గోధుమలు పట్టించుకుని పోతారు, ఆ వెనకే మన జొన్నలు పోస్తాం. రాళ్ల మధ్య, గొట్టంలో, కింద డబ్బాలో మిగిలిన గోధుమ పిండి మన పిండిలోనే వస్తుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ కొన్ని నెలల పాటు పోతే ఈ రోగుల పేగు దెబ్బతింటుందని వైద్య పరిశోధనల్లో తేలింది. 50 మిల్లీగ్రాములంటే అర గ్రాము గోధుమ పిండి, ఒక చిటికెడు కూడా కాదు. గిర్నిలో మిగిలేది చిటికెలతో కొలిచేదా?

ఆ ఇంట్లో ముసలమ్మ అటక మీది ఇసుర్రాయి దింపించింది. ఇప్పుడు బిడ్డ వరకు పిండి దాంతోనే విసురుతున్నారు, రోజుకు రెండు రొట్టెలకు సరిపడా. పిల్ల లెక్కలు సరైనాయి, ఏడాదిలో బాగా ఎదిగింది. సంతోషమే. కానీ ఆ తల్లి పొద్దంతా కూలికి పోయి వచ్చి, రాత్రి ఇసుర్రాయి తిప్పాలి. జీవితాంతం తిప్పాలా?

అందుకే మన మహిళా సంఘం ముందు ఒక మాట పెట్టాం. కారం పట్టే గిర్నిలో జొన్నలు పడతామా? పట్టం. పిండి ఘాటెక్కుతుందని ప్రతి ఊళ్లో కారానికి, పసుపుకి వేరే గిర్ని పెట్టుకున్నాం. ఎవరూ చెప్పకుండానే పెట్టుకున్నాం. అట్లాగే గోధుమ ఎన్నడూ పడని గిర్ని మండలానికి ఒకటి ఉండాలి. పాత గిర్నిని దులిపి వాడితే చాలదా అని అడుగుతున్నారు. చాలదు, రాళ్ల గాట్లలో ఇరికింది దులిపితే రాదు. సంచుల విషయం కూడా చూడాలి. గోధుమలు వచ్చిన పాత గన్నీ సంచుల్లో జొన్నలు నింపితే చేను నుంచి చేసిన జాగ్రత్త అంతా వృథా. మన జిల్లాల్లో గోధుమ పండేది తక్కువ, కాబట్టి పొలంలో కలిసే భయం పంజాబులో ఉన్నంత లేదు. ఆ మేలు మన నేల ఇచ్చింది. దాన్ని సంచి దగ్గర, గిర్ని దగ్గర పోగొట్టుకుంటున్నాం.

ఇందులో రాబడి సంగతీ ఉంది. ప్యాకెట్ మీద గ్లూటెన్ లేనిది అని అచ్చు వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని మన ఆహార భద్రత సంస్థ నియమం. ఆ ముద్ర పడితే అదే జొన్నపిండి పట్నం షాపులో ఎన్నింతలకు పోతోందో మీలో పట్నం పోయేవాళ్లు చూసే ఉంటారు. 2025-26కు సంకర జొన్న మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు, తైదలకు 4,886. అంటే జొన్న కిలో 37 రూపాయలు, అదీ కొనుగోలు కేంద్రం తెరిస్తేనే. మధ్యలో తేడా అంతా సంచి శుభ్రానికి, వేరే గిర్నికి, ల్యాబ్ పరీక్షకు పోతోందా? పోదు, మనకు తెలుసు. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది, ధాన్యం శుద్ధి, పిండి తయారీ మీద శిక్షణ ఇస్తారు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలున్నవాళ్లు వెళ్లి అడగండి. ఆరేళ్ల బిడ్డ తండ్రికి పట్నం ధరకు అమ్మే వ్యాపారం మాత్రం మనకొద్దు. మండలంలో తేలిన రోగులకు పట్టింపు కూలి మీదనే పిండి ఇవ్వాలి, మిగతాది బయట అమ్ముకోవచ్చని మా ప్రతిపాదన.

ఇక్కడ మన మిత్రులతోనే ఒక కొట్లాట ఉంది. ప్రకృతి సేద్యం వేదికల మీద కొందరు పాతకాలం ఖప్లీ గోధుమ తింటే ఈ రోగం ఉన్నవాళ్లకు ఏమీ కాదంటున్నారు. అది తప్పు, ప్రమాదం కూడా. ఖప్లీలోనూ గ్లూటెన్ ఉంది. సేంద్రియంగా పండించినా ఉంది. చిరుధాన్యాలు సకల రోగాలకు మందు అని ఇంకొందరు. జొన్న మంచి తిండి, అంతవరకు చెబుదాం. రోగం లేనివాళ్లు గోధుమ మానాల్సిన పని కూడా లేదు. గోధుమ రైతు మన శత్రువు కాదు, ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు రోడ్డు మీద కూచుని కొట్లాడింది వాళ్లే.

జొన్న రొట్టె చేయడం రాదని కొత్త కోడళ్లు అంటుంటారు. సాగే గ్లూటెన్ లేదు కాబట్టి పిండి విరిగిపోతుంది. అందుకే మన అవ్వలు మసిలే నీళ్లు పోసి కలిపేవాళ్లు, గంజి కట్టి పిండి పట్టుకుంటుంది. పుస్తకం చదవకుండా కనిపెట్టిన పని అది.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి ఉన్నాయి. టీటీజీ పరీక్ష ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఉచితంగా చేయాలి. ఎదగని పిల్లలకు, రక్తం ఎక్కని ఆడవాళ్లకు అది రాయాలని డాక్టర్లకు చెప్పాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో వేయించిన గోధుమ ఉంటుంది. ఎక్కువమంది పిల్లలకు అది మంచి బలమే, దాన్ని ఆపమని మేం అనడం లేదు. ఈ రోగం తేలిన పిల్లకు బదులుగా తైదలతోనో బియ్యంతోనో చేసిన పొడి ఇవ్వాలి. లేకపోతే బిడ్డ చిక్కిపోయిందని ఇంకో గరిటె అదే పెడతారు. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలు కూడా రాసి ఉన్నాయి. పక్కన కర్ణాటకలో దక్షిణ జిల్లాలకు రాగులు, ఉత్తర జిల్లాలకు జొన్నలు రేషన్లో ఇస్తున్నారు. సన్నబియ్యం ఇస్తున్న మన సర్కారు కొన్ని కిలోల జొన్న ఎందుకు ఇవ్వలేదు? అప్పుడు కొనుగోలు కేంద్రం కూడా తెరవక తప్పదు.

ఇంటికి పోయాక చేయాల్సిన రెండు పనులు. అనుమానం ఉంటే పరీక్షకు ముందే గోధుమ మానకండి, మానితే పరీక్షలో రోగం కనబడకుండా పోతుంది. ముందు పరీక్ష, తర్వాతే పథ్యం. ఇంట్లో ఒకరికి తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకోవాలి, వాళ్లలో పది మందిలో ఒకరికి ఉండే అవకాశం ఉంది.

గిర్ని లెక్కలు వచ్చే నెల కమిటీలో పెడతాం. షెడ్డుకు ఒక సభ్యురాలు తన ఇంటి పక్క జాగా ఇస్తానన్నారు. మోటారు, రాళ్లు, కరెంటు మీటరుకు ఎంతవుతుందో తెలిసినవాళ్లు కొటేషన్లు తీసుకుని రండి. రాళ్లు కొత్తవే ఉండాలి, ఎక్కడో గోధుమ పట్టిన పాత రాళ్లు చవకగా వస్తున్నాయని తేవద్దు.