ఫంక్షనల్ ఫిట్స్ ఉన్నవారికి బ్రిటన్ భత్యం

ఫంక్షనల్ ఫిట్స్ చూడటానికి మూర్ఛలాగే ఉంటాయి. ఈఈజీలో మాత్రం మూర్ఛ తాలూకు విద్యుత్ అలజడి కనిపించదు. అంతమాత్రాన నటన కాదు. పడితే తల పగులుతుంది, పొయ్యి దగ్గరైతే ఒళ్లు కాలుతుంది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలాంటివారు అడగదగ్గ భత్యం పిప్, అంటే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్. జబ్బు పేరుకు పాయింట్లు లేవు. వంట, స్నానం, ప్రయాణం ఎలా సాగుతున్నాయన్నదే లెక్క. రోజువారీ పనుల్లో 8 వస్తే మామూలు రేటు, 12 వస్తే పెద్దది.

సగానికి మించిన రోజుల్లో ఇబ్బంది ఉండాలన్న నిబంధన దగ్గరే చాలామంది వెనక్కి తగ్గుతారు. ఫిట్స్ వారానికి ఒక్కసారే కదా అని. తగ్గనక్కర్లేదు. ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ప్రమాదం రోజూ ఉన్నట్టే. హాని జరిగే అవకాశంతోపాటు, జరిగితే ఎంత తీవ్రమన్నదీ చూడాలని 2017లో అప్పర్ ట్రైబ్యునల్ తేల్చింది. కాబట్టి ఫారంలో "వంట చేస్తాను" అని ఊరుకోకండి. పక్కన మనిషి ఉంటేనే చేస్తారని రాయండి. మనకు అలవాటైన "పర్వాలేదండీ" ఇక్కడ కొంప ముంచుతుంది. ఫిట్స్ వచ్చిన తేదీలు, చూసినవారి మాటలు జతచేయండి. భత్యం ఇవ్వబోమంటే నెలలోపు పునఃపరిశీలన కోరవచ్చు, ఆపైన ట్రైబ్యునల్ ఉంది.

వీసా మీద ఉన్న తెలుగువారు మాత్రం, ప్రభుత్వ నిధులు పొందరాదన్న షరతు తమకుందేమో ముందే చూసుకోవాలి.