యఖ్నీ పులావ్

మన హైదరాబాద్ కచ్చీ బిర్యానీలో మసాలా పట్టించిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన అన్నం పరిచి దమ్ వేస్తారు. లక్నో వైపు వండే యఖ్నీ పులావ్ తీరు వేరు. ముందు మాంసం రసం, అంటే యఖ్నీ, కాచుకోవాలి.

అరకిలో బాస్మతికి ముప్పావు కిలో ఎముకలున్న కోడిముక్కలు తీసుకోండి. సోంపు, ధనియాలు, యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క పల్చటి గుడ్డలో మూటకట్టి, అల్లం వెల్లుల్లితో పాటు నీళ్లలో వేసి, ముక్కల్ని సన్నసెగన ఇరవై నిమిషాలు ఉడికించండి. సువాసనంతా ఆ సోంపుదే, తగ్గించకండి. ముక్క పూర్తిగా మెత్తబడకముందే తీసేయాలి. బియ్యంతో మళ్లీ ఉడుకుతుంది కదా!

నేతిలో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, షాజీరా, ముక్కలు, గరిటెడు పెరుగు వేసి కలపండి. అరగంట నానిన బియ్యం వేసి, గ్లాసుకు గ్లాసున్నర యఖ్నీ పోస్తే సరిపోతుంది. రుచి చూస్తే రసం కాస్త ఉప్పగా తగలాలి, ఆ ఉప్పు బియ్యం లాగేసుకుంటుంది. పసుపు, కారం అక్కర్లేదు. వేస్తే తినొచ్చు, కానీ అది లక్నో పులావ్ కాదు.

రసం ఇగిరి, బియ్యం మీద చిన్న చిన్న గుంటలు కనబడగానే బిగుతుగా మూతపెట్టి, గిన్నె కింద పెనం పెట్టి పది నిమిషాలు దమ్ ఇవ్వండి. దించాక ఇంకో పది నిమిషాలు మూత ముట్టుకోవద్దు. వేడిమీద గరిటె పెడితే మెతుకులు విరిగిపోతాయి. పక్కన పెరుగు పచ్చడి ఉంటే చాలు.