పిల్లలకు కమ్మీ చిత్రం చదవడం నేర్పుదాం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎక్కాలే సరిగా రాని పిల్లలకు ఈ బొమ్మల లెక్కలు ఎందుకని పెద్దలు కొందరు మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పేపరు తెరిచినా, టీవీ పెట్టినా కమ్మీలు కనబడుతూనే ఉంటాయి. ఓట్ల లెక్క, వానల లెక్క, పరీక్షా ఫలితాలు, అన్నీ పొట్టి కమ్మీ, పొడుగు కమ్మీలే గదా! అక్షరం రానివాణ్ణి కాగితంతో మోసం చేసినట్టే, కమ్మీ చదవడం రానివాణ్ణి బొమ్మతో మోసం చేయవచ్చు. అందుకని చిన్న తరగతుల నుంచే ఇది నేర్పాలని మా మనవి.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1786లో విలియం ప్లేఫేర్ అనే స్కాట్లండు దేశస్థుడు, తమ దేశానికి ఏయే దేశాలతో ఎంతెంత ఎగుమతి దిగుమతులు జరిగాయో చూపడానికి కమ్మీలు గీశాడు. ఏళ్ల తరబడి లెక్కలు ఆయనకు దొరకలేదు. చేతిలో ఒక్క ఏడాది లెక్కే ఉంది. ఉన్నదాన్ని చూడగానే తెలిసేటట్టు చెప్పాలనే అవసరం లోంచి ఈ పటం వచ్చింది.

ఇక నేర్పడం సంగతి. మా సాయంత్రపు తరగతిలో మొదట పొరపాటే చేశాము. రంజాన్ నెలలో ఇఫ్తారుకు మీకే పండు ఇష్టమో బొమ్మ గీసి, ఆ పండు పేరున్న వరుసలో అంటించండి అన్నాము. పిల్లలు పుచ్చకాయను పెద్దగా, ఖర్జూరాన్ని చిన్నగా గీశారు. మూడు పుచ్చకాయలు ఐదు ఖర్జూరాల కంటే ఎత్తుకు పోయాయి. "పుచ్చకాయే గెలిచింది సార్!" అని చప్పట్లు కొట్టారు. తప్పు పిల్లలది కాదు, మాది. అన్ని గుర్తులూ ఒకే కొలతలో ఉండాలన్న సంగతి మేమే మరిచాము.

మర్నాడు ఖాళీ అగ్గిపెట్టెలు తెచ్చాము. ఒక్కొక్కరికి ఒక్క పెట్టె. నేల మీద సుద్దముక్కతో అడ్డగీత గీసి, దాని కింద పండ్ల పేర్లు రాశాము. అందరూ ఆ గీత దగ్గర నుంచే, సందు లేకుండా, తమ పెట్టె పేర్చాలి. ఈసారి ఖర్జూరం గెలిచింది. నిన్న ఎందుకు ఓడిందని అడిగితే, పిల్లలే కారణం చెప్పారు. మేము చెప్పవలసిన పాఠం వాళ్ల నోటనే వచ్చింది.

తరువాత గళ్ల పుస్తకంలో పెట్టెకు ఒక గడి చొప్పున రంగు వేయించాలి. పైన పేరు, కింద పండ్లు, ఎడమ పక్కన అంకెలు. అట్టడుగు గీత దగ్గర చాలామంది 1 వేస్తారు. అక్కడ సున్నా ఉండాలి. ఇది అలవాటయ్యాక గడికి ఐదుగురు అని కొలత మార్చండి. నాలుగు గళ్లు చూసి నలుగురే అంటారు. తొందరపడి కోప్పడకండి. గడి మీద వేలు పెట్టించి ఐదు, పది, పదిహేను, ఇరవై అని పలికించండి.

ప్రశ్నలు మూడు మెట్లుగా అడగాలి. ఖర్జూరం ఎందరికి ఇష్టం? ఇది మొదటి మెట్టు. అరటిపండు కంటే ఖర్జూరం ఎందరికి ఎక్కువ ఇష్టం? ఇక్కడ పిల్లలు పొడుగు కమ్మీ అంకెనే చెప్పేస్తారు. పొట్టి కమ్మీ తల మీద స్కేలు అడ్డంగా పెట్టి, పైన మిగిలిన గళ్లను మాత్రమే లెక్కించమనండి. ఖర్జూరం ఎందుకు ఇష్టం? దీనికి జవాబు పటంలో లేదు, మనుషులను అడగాలి. పటం చెప్పనిదాన్ని చెప్పిందని అనుకోకపోవడం మూడో మెట్టు.

పెద్దలారా, ఇది పండ్లతో ఆగిపోయే చదువు కాదు. 2001 జనగణన ప్రకారం, ఏడేళ్లు పైబడిన వారిలో దేశం మొత్తం మీద అక్షరాస్యత 64.8 శాతం, ముస్లింలలో 59.1 శాతం. అవి ఆ ఏటి లెక్కలు, ఈనాటివి కావు. పటం చూడగానే ఏ సంవత్సరానిదని అడగడం కూడా పిల్లలకు నేర్పాలి. ఈ రెంటినీ సున్నా నుంచి గీస్తే తేడా ఉందిగాని కొద్దిగా కనబడుతుంది. అడుగున 50 వేసి గీస్తే మన కమ్మీ పక్కదానిలో మూడో వంతుకు పైగా తరిగిపోయినట్టుంటుంది. అంకెలు అవే, అడుగు మారింది. అలాగే ఎక్కడి లెక్క అని కూడా అడగాలి. అదే జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింల అక్షరాస్యత రాష్ట్ర సగటు కంటే ఎక్కువగానే ఉంది.

అయితే ఇతరులు గీసిన పటంలో తప్పు పట్టడానికే ఈ విద్య కాదు. అదే ఏడు ముస్లిం పురుషులలో అక్షరాస్యత 67.6 శాతం, స్త్రీలలో 50.1 శాతం. స్త్రీ పురుషుల తేడా దేశమంతటా ఉన్నదే, కాదనము. కాని దేశానికీ మనకూ మధ్య తేడా 5.7 అయితే, మన ఇంట్లో అన్నకూ చెల్లెలికీ మధ్య తేడా 17.5. సుమారు మూడు రెట్లు! అడుగున 50 వేసి ఈ పటం గీస్తే చెల్లెలి కమ్మీ అసలు కనబడదు, గీతలో కలిసిపోతుంది.

పటం చదవడం వచ్చిన పిల్ల ఆ గీతలో తనను తాను వెతుక్కుంటుంది. "అబ్బా, అన్న కమ్మీ అంత పొడుగు, నాదేది?" అని రేపు మనల్ని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు పటంలో దొరకదు, మనమే చెప్పాలి. కాబట్టి ఈ సెలవుల్లో ప్రతి ఇంట్లో ఖాళీ అగ్గిపెట్టెలు దాచి, కొడుకునూ కూతురినీ పక్కపక్కన కూర్చోబెట్టి పేర్పించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.